ఒమన్ విద్యార్థి యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ విద్యార్థులను రెండుసార్లు ఒమన్ తీసుకెళ్లి వచ్చాం. రెండుసార్లూ బయలుదేరే ముందు నెల రోజులపాటు ఫోన్‌లో చెప్పిందే చెప్పాను. ఇప్పుడు మూడో జట్టు సిద్ధమవుతోంది కాబట్టి ఆ జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, మిగతావి చదవకపోయినా ఫర్వాలేదు.

## పేరు ఇచ్చే ముందు

మా ఊళ్లో మస్కట్ అంటే పనికి పోవడమే. చదువుకునే పిల్లలకు అక్కడేం పని?

నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. కానీ పనికి వెళ్లినవాళ్లకు ఆ దేశం చూసే తీరిక ఎప్పుడూ దొరకలేదు. 1650లో పోర్చుగీసువాళ్లను మస్కట్ నుంచి వెళ్లగొట్టి, తర్వాత జాంజిబార్ దాకా ఏలిన నావికుల దేశం అది. మట్టి కోటలు, కొండ అంచున వేలాడే ఊళ్లు, వందల ఏళ్లుగా ఆగకుండా పారుతున్న కాలువలు అక్కడ ఉన్నాయి. చెరువుల కింద సేద్యం చూసి పెరిగిన మన పిల్లలకు ఆ కాలువల సంగతి మిగతావాళ్లకంటే త్వరగా అర్థమవుతుంది. అందుకే దుబాయ్ మాల్స్ కాదని ఒమన్ ఎంచుకున్నాం.

ఏ నెలలో వెళ్తే మంచిది?

నవంబరు నుంచి మార్చి మధ్య. మస్కట్‌లో పగలు హాయిగా ఉంటుంది. మే వచ్చేసరికి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కోట మెట్లు ఎక్కడం శిక్షలా ఉంటుంది. జెబెల్ అఖ్దర్ కొండ మీద గులాబీలు కోసే కాలం చూడాలనుకుంటే మాత్రం ఏప్రిల్‌లో వెళ్లాలి. కింద వేడి భరించాల్సి వచ్చినా ఆ కొండ మీద చల్లగానే ఉంటుంది.

రంజాన్ నెల ఎప్పుడొస్తుందో చూసుకోండి. 2027లో దాదాపు ఫిబ్రవరి రెండో వారంలో మొదలై మార్చి రెండో వారం దాకా ఉంటుంది. ఆ నెలలో పగలు బయట అందరి ముందూ తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు. పాతికమంది పిల్లలతో అది కుదిరే పని కాదు.

ఏడు రోజులు సరిపోతాయా? సలాలా కూడా కలపొచ్చు కదా?

సరిపోతాయి, సలాలా కలపకపోతే. మస్కట్ నుంచి సలాలా దాదాపు 1,000 కిలోమీటర్లు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఖరీఫ్ అనే వానకాలం ఉంటుంది, కొండలన్నీ పచ్చబడతాయి. మన ఖరీఫ్ పంటకు పేరిచ్చిన అరబ్బీ మాటే అది. సలాలా చూడాలంటే దానికి విడిగా ఒక యాత్ర పెట్టుకోవాలి.

మా లెక్క ఇది: మస్కట్‌లో రెండు రాత్రులు, పాత కోట ఊరు నిజ్వాలో రెండు, ఎడారిలో ఒకటి, తీరపట్నం సూర్ దగ్గర ఒకటి, ఆఖరి రోజు తీరం వెంట తిరుగు ప్రయాణం. మొదటిసారి ఇంతకు రెట్టింపు చోట్లు కుక్కాం. పిల్లలకు గుర్తున్నది బస్సు కిటికీ ఒక్కటే.

మొత్తం ఎంతవుతుంది సార్?

అంకె చెబితే ఆరు నెలల్లో అబద్ధమవుతుంది కాబట్టి డబ్బు ఎక్కడ పోతుందో చెబుతా. విమానం టికెట్ అందరూ ఊహించేదే. జేబుకు చిల్లు పెట్టేది ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు. కొండ మీదికీ ఎడారిలోకీ బస్సు పోదు. బండికి నలుగురైదుగురే పడతారు, కాబట్టి పాతికమందికి ఐదారు బండ్లు కావాలి. ఆ తర్వాత ఎక్కువయ్యేది ఎడారి క్యాంపులో రాత్రి బస. తిండికి అంత కాదు. ఎవరైనా ప్యాకేజీ మరీ తక్కువకు ఇస్తామంటే, ఫోర్‌వీల్ బండ్లు ఎన్ని, ఏ రోజుల్లో ఇస్తారో రాసివ్వమనండి.

ఆడపిల్లను పంపడానికి భయంగా ఉంది. అక్కడ భద్రత ఎలా ఉంటుంది?

రాత్రి తొమ్మిదింటికి మస్కట్‌లోని మత్రా తీరం వెంట కుటుంబాలు పిల్లలతో నడుస్తుంటాయి. మా జట్లలో సగానికి పైగా ఆడపిల్లలే, ఎవరికీ చేదు అనుభవం ఎదురు కాలేదు. జట్టులో ఒక మహిళా అధ్యాపకురాలు తప్పనిసరిగా ఉండాలన్నది మా నియమం. పోలీసు, అంబులెన్సు దేనికైనా 9999కి ఫోన్ చేయాలి. ఆ నంబరు పిల్లల ఫోన్లలో ముందే వేయించండి. నిజం చెప్పాలంటే ఆ దేశంలో నాకు భయమల్లా నీళ్ల దగ్గరా లోయ అంచుల దగ్గరే, మనుషుల దగ్గర కాదు.

## కాగితాలు, డబ్బు, పెట్టె

వీసా ఎలా? పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ఉంటే ఆపేస్తారా?

పర్యాటక ఈ-వీసా రాయల్ ఒమన్ పోలీసుల వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలి. పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. రుసుములూ రకాలూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున అక్కడే చూసుకోండి.

ఉద్యోగానికి వెళ్లేవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావలసిన దేశాల్లో ఒమన్ ఒకటి. పర్యటనకు వెళ్లేవారికి అది అక్కర్లేదు. కానీ ఈసీఆర్ ముద్ర ఉంటే మన విమానాశ్రయంలోనే నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. పది పాసైనవారు ముందుగానే ఆ ముద్ర తీయించుకోవడం మేలు. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్, కాలేజీ లేఖ కాగితం మీద ముద్రించి ప్రతి విద్యార్థి చేతిలో ఉంచండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయే టైమ్ విమానాశ్రయంలోనే వస్తుంది.

జేబుఖర్చుకు ఎంత మార్చుకోవాలి?

ఒమన్ రియాల్ బరువైన డబ్బు. ఒక్క రియాల్ 220 రూపాయల పైమాటే. ఒక రియాల్‌కు 1,000 బైసాలు. బైసా అంటే మన పైసానే. 1970 దాకా అక్కడ మన రిజర్వు బ్యాంకు అచ్చేసిన గల్ఫ్ రూపాయి చెల్లేది, ఆ వాసన ఆ మాటలో మిగిలిపోయింది. భోజనం, బస యాత్ర ఖర్చులోనే ఉంటే విద్యార్థికి 25, 30 రియాళ్లు చాలు. "ఒకటే కదా" అనుకుని బజారులో నోటు ఇచ్చే ముందు రూపాయల్లో లెక్క వేసుకోండి.

లగేజీలో ఏం పెట్టకూడదు?

ముందుగా గసగసాలు. మనకవి మసాలా దినుసు. యూఏఈ వంటి గల్ఫ్ దేశాల్లో అవి మత్తు పదార్థాల కింద నిషేధం. దుబాయ్ మీదుగా వెళ్లే విమానమైతే మరీ జాగ్రత్త. అమ్మ ఇచ్చిన మసాలా పొడిలో ఉన్నాయో లేదో అడిగి కనుక్కోండి. రెండోది మందులు. నొప్పికీ దగ్గుకీ వాడే కొన్ని మందుల్లో ట్రమడాల్, కోడీన్ ఉంటాయి. డాక్టరు చీటీ లేకుండా ఏ మందూ వద్దు. మూడోది డ్రోన్. అనుమతి లేకుండా తీసుకెళ్తే విమానాశ్రయంలోనే చిక్కు. ఎవరో బంధువుకు ఇవ్వమన్న మూట కట్టు విప్పి చూడకుండా తీసుకోవద్దు, ఎంత దగ్గరివాళ్లైనా సరే.

బట్టలు ఎలాంటివి? జీన్స్ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, బిగుతుగా లేకపోతే చాలు. అబ్బాయిలైనా అమ్మాయిలైనా భుజాలూ మోకాళ్లూ కప్పాలి. అమ్మాయిలకు మన సల్వార్ కమీజ్, చున్నీ అన్నిటికీ సరిపోతాయి. మస్కట్ పెద్ద మసీదులో మాత్రం ఆడవాళ్లు జుట్టు కనబడకుండా, చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండ దాకా కప్పుకోవాలి. పలుచటి చున్నీ పనికిరాదు.

ఒక చలికోటు తప్పక పెట్టుకోండి. గల్ఫ్ అంటే ఎండే అనుకుని వచ్చిన పిల్లలు జనవరిలో జెబెల్ షమ్స్ కొండ మీద హోటల్ దుప్పట్లు కప్పుకుని ఫొటోలు దిగారు. ప్లగ్గు మూడు చదునైన పిన్నులది, అడాప్టర్ కావాలి.

## మస్కట్‌లో

పెద్ద మసీదులోకి మనల్ని రానిస్తారా?

సుల్తాన్ కాబూస్ గ్రాండ్ మసీదులోకి ఇతర మతస్థులకు ఉదయం 8 నుంచి 11 దాకా ప్రవేశం ఉంది, శుక్రవారం తప్ప. 2001లో ప్రారంభమైంది. ప్రధాన హాలులో పరిచిన తివాచీ ఒకే ముక్క, 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు. దాంట్లో 170 కోట్ల ముడులున్నాయి. ఇరాన్ మహిళలు నాలుగేళ్లు అల్లారు. గోడల రాయి మన దేశానిదే, మూడు లక్షల టన్నుల ఇసుకరాయి ఓడల్లో వెళ్లింది. ఎనిమిదింటికే గేటు దగ్గర ఉండండి. తొమ్మిదిన్నర తర్వాత టూరిస్టు బస్సులు వరుస కడతాయి.

మత్రా బజారులో బేరం ఆడొచ్చా?

ఆడాలి, నవ్వుతూ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగైదింటి దాకా చాలా దుకాణాలు మూసేస్తారు. శుక్రవారం ఉదయం వెళ్తే తాళాలు చూసి రావాలి. కశ్మీరు శాలువాలు, ప్లాస్టిక్ ఒంటెలు మనకెందుకు? లుబాన్ కొనండి. దోఫార్ ప్రాంతంలో చెట్టు బెరడు గీస్తే కారి గడ్డకట్టే ధూపపు జిగురు అది. మన అడవుల్లోని అందుగు చెట్టు దానికి దగ్గరి చుట్టమే. లేతరంగులో, కొంచెం పచ్చదనంతో మెరిసేది మేలురకం.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. ఎక్కడ చూసినా "కాఫీ షాప్" అన్న బోర్డు ఉంటుంది. లోపల కాఫీకంటే పరోటా, పప్పు, కరక్ చాయ్ ఎక్కువ, నడిపేవాళ్లు చాలాచోట్ల మలయాళీలు. కొండ ఊళ్లలోనూ ఎడారి క్యాంపుల్లోనూ మాత్రం ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే అన్నం, ఖర్జూరం, పెరుగుతో సరిపెట్టుకోవాలి. పచ్చడి పొట్లాలు తెచ్చుకున్నవాడే ఆ రాత్రి రాజు.

## నిజ్వా, కొండలు, కాలువలు

నిజ్వాకు శుక్రవారమే ఎందుకు వెళ్తారు?

మేకల సంత కోసం. సెలవు దినం కదా, అన్నీ మూసి ఉంటాయని భయపడకండి. తెల్లవారి ఆరున్నరకల్లా అక్కడుండాలి. అమ్మేవాళ్లు మేకలనూ దూడలనూ పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటారు, కొనేవాళ్లు లోపలా బయటా కూర్చుని ధర అరుస్తారు. దంతాలు చూస్తారు, వీపు తడుముతారు. భాష రాకపోయినా మన వారపు సంత చూసినవారికి ఒక్క ముక్క కూడా అనువాదం అక్కర్లేదు. తొమ్మిది దాటితే అంతా ఖాళీ.

తర్వాత పక్కనే కోట. 17వ శతాబ్దంలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు. ఫిరంగుల కోసం కట్టిన గుండ్రటి బురుజు దాని ప్రత్యేకత. శత్రువులు మెట్లెక్కి వస్తే పైనున్న కంతల్లోంచి మరిగే ఖర్జూరపు పాకం పోసేవారు. ఈ సంగతి విన్నాక పిల్లలెవరూ ఆ మెట్ల మీద నిలబడి సెల్ఫీ దిగలేదు.

ఫలజ్ అంటే ఏమిటి? కాలువ చూడ్డానికి ఒక పూట ఎందుకు?

నన్నడిగితే ఒక పూట తక్కువ. ఒమన్‌లో ఏడాదంతా పారే నది లేదు. కొండ పాదం దగ్గర లోతుగా తల్లి బావి తవ్వి, అక్కడి నుంచి కిలోమీటర్ల కొద్దీ భూగర్భ సొరంగం ద్వారా, చిన్న వాలుతో నీటిని ఊరి దాకా నడిపిస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. ఇలాంటివి ఇప్పటికీ దాదాపు 3,000 పనిచేస్తున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వా పక్కనున్న ఫలజ్ దారిస్ వాటిలో ఒకటి. మన పాత హైదరాబాద్ రాజ్యంలో ఉన్న బీదర్‌లోని నౌబాద్ కరేజ్ కూడా ఈ కుటుంబానిదే.

నీళ్లు బయటపడే చోట మొదట తాగడానికి పట్టుకుంటారు. తర్వాత మసీదు, స్నానఘట్టాలు, ఆ తర్వాత ఖర్జూర తోటలు, చివరగా మిగిలితే కాలపు పంటలు. కరువొచ్చినా చెట్టు బతకాలి, పైరు పోతే మళ్లీ వేసుకోవచ్చన్న లెక్క అది. వాటాలు నీటి కొలతలో కాదు, కాలంలో. అరగంట పారుదలను ఒక అసర్ అంటారు. పగలు నేలలో పాతిన కర్ర నీడనూ, రాత్రి నక్షత్రాలనూ చూసి మడవ మార్చేవారు. దీన్ని చూసుకునే మనిషి మన తెలంగాణ ఊళ్లలోని నీరటి లాంటివాడే. ఒకమ్మాయి వాళ్ల తాత నీరటి పని చేసేవాడట. కాలువ గట్టు మీద కూర్చుని ఆయనకు వీడియో తీసి పంపింది.

బహ్లాలో జిన్నులు ఉంటాయని చదివాను. నిజమేనా?

ఆ ఊరివాళ్లే నవ్వుతూ చెబుతారు. జిన్నుల సంగతి ఎలా ఉన్నా, 1987లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన మట్టి కోట అక్కడుంది. కుమ్మరి సారెలు ఇంకా తిరుగుతున్నాయి. గంటన్నర చాలు.

జెబెల్ అఖ్దర్ పైకి బస్సులో వెళ్లలేమా?

వెళ్లలేరు. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంది, ఫోర్‌వీల్ డ్రైవ్ కాని బండిని వెనక్కి పంపేస్తారు. మొదటి యాత్రలో మా ట్రావెల్స్‌వాడు "ఏం కాదు సార్" అంటూ మామూలు వ్యాన్ పంపాడు. మమ్మల్ని వెనక్కి పంపేశారు, ఒక పూట మొత్తం పోయింది. పైన సైక్ పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. దానిమ్మలు, అక్రోట్లు, గులాబీలు పండుతాయి. ఏప్రిల్‌లో మట్టి పొయ్యిల మీద గులాబీరేకులు కాచి పన్నీరు తీస్తారు. దానికి పొగ వాసన ఉంటుంది, అదే దాని గొప్ప.

జెబెల్ షమ్స్ అంచున నడక ప్రమాదమా?

కళ్లు తిరిగేవాళ్లు వద్దు. మిగతావారికి కష్టమైన దారేమీ కాదు. ఒకవైపు కొండ, ఇంకోవైపు వాదీ నఖర్ లోయ, చివర పాడుబడిన ఊరు. రెయిలింగులు ఉండవు. ఫోన్ చేతిలో పట్టుకుని నడవడం నిషేధం, అది మా జట్టు చట్టం.

## వాదీలు, ఎడారి, సముద్రం

ఈత రాకపోతే వాదీ షాబ్‌కు రావచ్చా?

రావచ్చు, సగం దాకా. పడవలో ఇవతలి నుంచి అవతలికి దాటి, ముప్పావు గంట రాళ్ల మీద నడవాలి. అక్కడి నుంచి నీటిగుంటలు ఈదుకుంటూ పోతే ఒక గుహలో జలపాతం ఉంటుంది. ఈత రానివాళ్లు మొదటి గుంట దగ్గరే ఆగాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ దింపం. "గోదావరిలో ఈదాను సార్" అన్నవాణ్ణి కూడా.

వాన వస్తుందని అంటున్నారు. అయినా వెళ్దామా?

వెళ్లం, బతిమాలినా వెళ్లం. వాదీ అంటే కొండల్లోంచి దిగే ఏరు, చాలావరకు ఎండి ఉంటుంది. ఆకాశం నీలంగానే ఉంటుంది, ఎక్కడో కొండల్లో కురిసిన వాన గోడలా వచ్చి పడుతుంది. 2024 ఏప్రిల్‌లో అక్కడి వరదలో బడిపిల్లలున్న బండి కొట్టుకుపోయి పిల్లలు చనిపోయారు. పారుతున్న వాదీని బండితో దాటడం ఆ దేశంలో శిక్షపడే నేరం. ఆ రోజు మ్యూజియం చూస్తాం. మస్కట్‌లో 2016లో తెరిచిన నేషనల్ మ్యూజియం, మనాహ్‌లో 2023లో తెరిచినది, రెండూ పూటంతా పట్టేవే.

ఎడారి క్యాంపులో బాత్రూమ్ ఉంటుందా?

ఉంటుంది. అందరూ ముందు ఇదే అడుగుతారు, సిగ్గుపడకండి. బిదియా ఊరు దాటాక టైర్లలో గాలి తగ్గించి ఇసుకలోకి వెళ్తారు. దిబ్బ మీద బండి ఊగేటప్పుడు వాంతులయ్యేవాళ్లు ముందే చెప్పండి. కనబడే ప్రతి ఒంటెకూ యజమాని ఉంటాడు, తాకే ముందు అడగాలి. క్యాంపువాళ్లు పాటలు పెడతామంటే వద్దనండి. ఆ రాత్రి నిశ్శబ్దం కోసమే అంత దూరం వెళ్లింది.

తాబేళ్లు కచ్చితంగా కనబడతాయా?

కచ్చితంగా అని ఎవరూ చెప్పలేరు. రస్ అల్ జింజ్ తీరంలో ఆకుపచ్చ తాబేళ్లు ఏడాదంతా గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఎండాకాలంలో ఎక్కువ, మనం వెళ్లే చలికాలంలో తక్కువ. గైడ్ వెంట చీకట్లో నడవాలి. టార్చి, ఫ్లాష్ వద్దు, మాట వద్దు. రెండోసారి వెళ్లినప్పుడు మాకు కనబడింది ఒక్కటే తాబేలు. అది ముప్పావు గంటసేపు ఇసుక తోసి గొయ్యి పూడ్చి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోయింది. ఇరవై ఆరుగురు పిల్లలు అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను అదే చూడటం.

## ఇళ్లకు అతిథులుగా

ఎవరైనా కాఫీకి పిలిస్తే వెళ్లాలా?

జట్టుగా అయితే వెళ్లండి. ఊరి మగవాళ్లు కలిసి కూర్చునే సబ్లా అనే గది ఉంటుంది, మన రచ్చబండకు పైకప్పు వేసినట్టు. ఆడపిల్లలను తరచుగా ఇంటి ఆడవాళ్లు లోపలికి తీసుకెళ్తారు. ఎక్కువ కబుర్లు వాళ్లకే దొరుకుతాయి. చెప్పులు బయట విడవండి. కుడిచేత్తోనే తీసుకోండి, తినండి. ముందు ఖర్జూరం, తర్వాత యాలకుల వాసనతో చక్కెర లేని కహ్వా. పిడి లేని చిన్న గిన్నెలో సగమే పోస్తారు. ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ చిన్నగా ఊపి ఇచ్చేయాలి. ఇది తెలియక మా కుర్రాడొకడు తొమ్మిది గిన్నెలు తాగి ఆ రాత్రి నిద్రపోలేదు.

హల్వా వస్తే ఒక్క చెంచాతో ఆపలేరు. నెయ్యి, కుంకుమపువ్వు, గులాబీ పన్నీరుతో గంటల తరబడి తిప్పి చేస్తారు. మాడుగుల హల్వా ఇష్టమైనవారికి చుట్టాన్ని చూసినట్టుంటుంది.

వాళ్లతో ఫొటోలు దిగొచ్చా?

అడిగి దిగండి. ఆడవాళ్ల ఫొటోలు అడగకుండా తీయడం పెద్ద తప్పు, దూరం నుంచి జూమ్ చేసినా తప్పే. అబ్బాయిలు ఆడవాళ్లకు, అమ్మాయిలు మగవాళ్లకు తాముగా చేయి చాపొద్దు. గుండె మీద చేయి పెట్టి "అస్సలాము అలైకుం" అంటే చాలు. ముసలివాళ్లు నడుముకు పెట్టుకున్న ఖంజర్ అనే వంపు బాకు గురించి అడిగితే సంతోషంగా చెబుతారు. దాన్ని ఒరలోంచి తీయమని మాత్రం అడగకండి.

మా మేనమామ సోహార్‌లో పనిచేస్తున్నాడు. కలవొచ్చా?

కలవొచ్చు, కానీ సోహార్ మస్కట్ నుంచి 200 కిలోమీటర్లకు పైనే. మనం అటు వెళ్లం. ఆయన రాగలిగితే మస్కట్‌లో ఉన్న సాయంత్రం హోటల్ లాబీలో కలుసుకోండి, పేరూ ఫోన్ నంబరూ ముందే మాకివ్వండి. వాట్సాప్ కాల్ అక్కడ పనిచేయకపోవచ్చు, మెసేజ్ వెళ్తుంది. ఏం తీసుకురమ్మంటావని అడిగితే ఏమీ వద్దనే అంటాడు. గోంగూర పచ్చడి తీసుకెళ్లండి. సీసా మూతకు టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. చేతి సంచిలో పెడితే హైదరాబాద్‌లోనే తీసేస్తారు.